అది జబ్బు కాదు, మత్తు డాక్టరుకు ముందే చెప్పవలసిన సంగతి
ఆర్యవైశ్య కుటుంబాల్లో ఎక్కువగా కనబడే బీసీహెచ్ఈ అనే జన్యువులోని మార్పును వంశపారంపర్య వ్యాధిగా పేర్కొని, పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవాలని ఒక వ్యాసంలో సూచించడంతో నేను ఏకీభవించలేను. మూడో క్రోమోజోము మీద ఉన్న ఈ జన్యువు ఆధారంగా కాలేయం బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆ ప్రొటీనులో 307వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ (రెండూ ప్రొటీనులో ఉండే అమైనో ఆమ్లాలే) చేరి, అది తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే, ఎంజైము దాదాపు పనిచేయదు. అయినా రోజువారీ జీవితానికి దానివల్ల ఏ లోటూ ఉండదు. చిక్కంతా ఆపరేషన్ బల్ల మీదే. గొంతులో గొట్టం వేయడానికి ముందు కండరాలను సడలించేందుకు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును ఈ ఎంజైమే విడగొడుతుంది కనుక దాని ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాల్లో తగ్గిపోవాలి, కానీ వీరిలో గంటల తరబడి నిలిచి ఊపిరి కండరాలను కదలనివ్వదు. మా పెద్దమ్మకు సిజేరియన్ అయినప్పుడు ఇలాగే జరిగింది. స్పృహ వచ్చి చుట్టూ మాటలన్నీ వినబడుతున్నా వేలైనా కదపలేకపోయానని, వెంటిలేటరు తీసేదాకా నరకం చూశానని ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఆ తర్వాత మా అమ్మకూ మేనమామలకూ రక్తంలో ఎంజైము స్థాయి చూపించాం. పురుగుమందు లోపలికి వెళ్లినవారికి చేసేదీ ఇదే పరీక్ష. కాలేయ వ్యాధిలోనూ గర్భిణులలోనూ కూడా ఈ స్థాయి తగ్గుతుంది కనుక, ఒక్క రిపోర్టు చూసి జన్యులోపమని తేల్చకూడదు. సంబంధాలు చూసేటప్పుడు కాదు, ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు ఈ విషయం అడగాలి, చెప్పాలి. తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు.