కుక్కకు రాత్రి డాక్టరెందుకు?

హనుమకొండలో రాత్రంతా తలుపులు తీసి ఉండే కుక్కల, పిల్లుల ఆసుపత్రి కావాలని ఈమధ్య కొంతమంది గొణుగుతున్నారు. బాధ్యత గల పౌరుడిగా నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. తప్పంతా జంతువులదే. పొద్దంతా తోక ఊపుకుంటూ తిరిగి, డాక్టరు షట్టర్ దించి ఇంటికిపోయి అన్నం ముందు కూర్చున్నాకే, అదీ శనివారం రాత్రే, కక్కడం మొదలుపెట్టే జాతిని మనం ఇంకా నెత్తికెక్కించుకోవాలా?

అసలు రాత్రిపూట వైద్యానికి మన దగ్గర కొదవేముంది? కుక్క రెండుసార్లు వాంతి చేసుకుంటే చాలు, అపార్టుమెంట్ మొత్తం డాక్టర్లే. పై అంతస్తు అంకుల్ పసుపు నీళ్లు పట్టమంటాడు, ఎదురింటి పెద్దమ్మ దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పుతుంది, మందుల దుకాణం తమ్ముడైతే కళ్లు నులుముకుంటూనే పారాసెటమాల్ చేతిలో పెడతాడు. పిల్లికి ఆ గోలీ ఒక్కటి చాలు, జ్వరంతో పాటు పిల్లీ పోవచ్చు. దాని కాలేయం ఆ మందును అరిగించుకోలేదు, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికొస్తుంది. (వెటకారం కాదు, ఈ ఒక్కటి నిజంగానే గుర్తుంచుకోండి.)

ఇక ఫోన్ వైద్యం. మా బావమరిది ల్యాబ్రడార్ పిల్ల రాత్రి పదకొండింటికి రక్తం విరేచనాలు చేసుకుంటే, ఎవరినో బతిమాలి ఎవరిదో నంబరు పట్టి ఒక డాక్టరును నిద్రలేపాడు. "చిగుళ్లు ఏ రంగున్నయో చూడుండ్రి" అన్నాడాయన. సెల్‌ఫోన్ టార్చి వేసి పెదవి పైకెత్తి ఇంటిల్లిపాదీ వంగి చూశారు. బావమరిది తెలుపన్నాడు, అతని భార్య లేత గులాబీ అంది, మా అత్తమ్మ అద్దాలు దొరక్క "మంచిగనే ఉన్నయ్ పో" అని తీర్పు చెప్పింది. వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలని డాక్టరు చెప్పాడు. నొక్కేదెవరు, లెక్కపెట్టేదెవరు అన్న చర్చ అయిపోయేలోపు కుక్కపిల్ల ఆ వేలునే నాకి, మళ్లీ కక్కింది.

పార్వో అనే వైరస్ జబ్బు అది. 6 నుంచి 8 వారాల వయసులో టీకా మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తే చాలావరకు దగ్గరికి రాని జబ్బు. కానీ మనవాళ్లు వేలు పోసి పిల్లను కొంటారు, టీకా దగ్గరికొచ్చేసరికి "ఇంట్లనే ఉంటది కదా, ఎందుకు" అంటారు. వైరస్ మన చెప్పుల అడుగున సుఖంగా ఇంట్లోకొస్తుంది, లిఫ్టు కూడా అక్కర్లేదు.

1962కి ఫోన్ చేయొచ్చు కదా అంటారు. మన రాష్ట్రం 2017లో తెచ్చిన సంచార పశువైద్య బండ్ల నంబరది. పల్లెలో బర్రె పడిపోతే, గొర్రెలకు రోగమొస్తే డాక్టరే ఇంటి ముందుకు రావాలని పెట్టింది. మంచి పనే, దాన్ని వెక్కిరిస్తే కళ్లు పోతాయి. నయీంనగర్లో నాలుగో అంతస్తు సోఫా కింద దాక్కున్న పామెరేనియన్‌ను ఆ లెక్కలో ఎవరూ ఊహించి ఉండరు. ఇక డాక్టర్ల కొరత అంటారా, పక్కనే మామునూరులో పశువైద్య కళాశాలే ఉంది. రెండువేల ఏళ్ల కిందటే అశోకుడు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని గుజరాత్‌లోని గిర్నార్ బండ మీద చెక్కించాడు. పని వేళలు చెక్కించలేదు, అక్కడే వచ్చింది చిక్కంతా.

కాదూ కూడదంటే హైదరాబాద్ ఉండనే ఉంది. జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా దాదాపు నూట యాభై కిలోమీటర్లు. వెనక సీట్లో పాత లుంగీలో చుట్టిన కుక్కపిల్ల, కింద పాత పేపర్లు, టోల్‌గేటు దగ్గర కిటికీ దించగానే ముక్కు మూసుకునే కుర్రాడు. దారిలో యాదగిరిగుట్ట వైపు తిరిగి ఒక దండం పెట్టుకోవచ్చు. ఇంత సౌకర్యం ఉండగా ఊళ్లో ఆసుపత్రి అడగడం అత్యాశ.

ఆసుపత్రి పెట్టేవాడి వైపు నుంచీ ఆలోచించండి. రాత్రంతా ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, ఆక్సిజన్ సిలిండరు, కరెంటు పోతే జనరేటరు. అవన్నీ పెట్టుకుని కూర్చుంటే ఒక రాత్రి మూడు కేసులు, మరో రాత్రి దోమలు. వచ్చినవాళ్లు కుక్క పుట్టినరోజుకు దాని పేరు రాయించిన కేకు కోసినవాళ్లే, ఫంక్షన్‌హాల్ రేటు కూడా అడిగొచ్చినవాళ్లే. ఫీజు చెప్పగానే "కుక్కకు అన్ని పైసలా సార్" అంటారు. వాళ్లను నమ్ముకుని షట్టర్ ఎత్తి ఉంచేంత పిచ్చి ఏ డాక్టరుకుంటుంది?

మా బావమరిదికి మాత్రం అదృష్టం బాగుంది. ఆ ఫోన్లో డాక్టరే చివరికి జాలిపడి, లుంగీ మీద చొక్కా వేసుకుని, ఒంటిగంటకు క్లినిక్ తాళం తీశాడు. ముందు కాలికి సూది పెట్టి, సెలైన్ సీసాను క్యాలెండర్ మేకుకు వేలాడదీశాడు. చుక్క చుక్కగా ఎక్కుతుంటే మావాడికి కాస్త ధైర్యమొచ్చింది, ధైర్యంతో పాటు పాత బుద్ధీ వచ్చింది.

"సార్, మూగజీవి కదా, జర తగ్గించుండ్రి."

డాక్టరు సీసా వైపు చూశాడు. "తగ్గిస్త. సగమే ఎక్కియ్యాల్నా మరి?"