ఒక్క మోకాలే వాచి కాలిపోతుంటే దాన్ని వాతం అనకండి, కీలులో చీము పట్టి ఉండొచ్చు

రాయాలా వద్దా అని వారం నుంచి అనుకుంటున్నా, నిన్న మా వీధిలో ఇంకొకాయన వాచిన మోకాలికి ఇసుక కాపడం పెట్టుకుంటూ కనపడేసరికి ఇక ఆగలేకపోయా.

మా పిన్ని గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికి పోతుంది. పొద్దస్తమానం నేల మీదే కూర్చోవాలి కాబట్టి మోకాళ్ల నొప్పులు తనకి అలవాటే, పైగా షుగర్. ఎండాకాలంలో మడమ పగిలి పుండు పడితే పసుపు రాసి ఊరుకుంది. వారం తిరిగేసరికి కుడి మోకాలు ఒక్కటే బోండాంలా వాచింది, చెయ్యి పెడితే కాలిపోతోంది, దుప్పటి తగిలినా కేక పెట్టేది. జ్వరం పెద్దగా లేదు. వాతం ముదిరిందమ్మా అన్నారు అందరూ, మేమూ అదే అనుకున్నాం. దగ్గర్లో ఒకాయన నొప్పికి సూది వేసి, యాంటీబయాటిక్ బిళ్లలు రెండ్రోజులకి ఇచ్చాడు, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. అలా ఆరు రోజులు పోయాయండీ, ఆరు రోజులు!

చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరు గారు మోకాలికి సూది గుచ్చి లాగితే సిరంజిలోకి వచ్చింది నీరు కాదు, గంజిలా చిక్కటి పచ్చటి చీము. మామూలు మోకాలి నీటిలో మైక్రోలీటరుకి తెల్లకణాలు 200 లోపే ఉంటాయట, తనకి 80 వేలు దాటాయి. కల్చర్‌లో (ఏ క్రిమో తెలుసుకోడానికి ల్యాబులో పెంచి చూసే పరీక్ష) మాత్రం ఏ క్రిమీ పెరగలేదు, ఎందుకంటే ముందే యాంటీబయాటిక్ పడిపోయింది కదా, ఇక ఏ మందు పనిచేస్తుందో అంచనా మీదే వాడాల్సొచ్చింది. నాకు కడుపు మండేది ఇక్కడే. నీరు తీసి ల్యాబ్‌కి పంపాక మందు మొదలెట్టాలి గానీ ముందే ఆ బిళ్లలెందుకు?

ఇలా కీలులో చీము పట్టడాన్ని సెప్టిక్ ఆర్థ్రైటిస్ అంటారు, ఎక్కువగా ఇది చేసేది స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, మన చర్మం మీదా ముక్కులోనూ ఉండేదే. పుండులోంచి రక్తంలోకి, రక్తంలోంచి కీలులోకి పోతుంది. కీలులో ఎముకల చివర ఉండే మెత్తటి పొరని మనం గుజ్జు అంటాం చూడండి, దానికి రక్తనాళాలు లేవు, ఈ ఇన్ఫెక్షన్ దాన్ని కొన్ని రోజుల్లోనే తినేస్తుంది, పోయింది మళ్లీ సరిగ్గా పెరగదు. షుగరున్నవాళ్లు, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, 80 దాటిన పెద్దవాళ్లు, కీలులో ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లు మరీ జాగ్రత్త. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లకైతే ఆ లోహం మీద క్రిములు జిగురు పొరలా అతుక్కుంటాయి, ఒక్కోసారి పెట్టిన కీలే తీసెయ్యాల్సొస్తుంది. పసిపిల్లలు కాలు కదపకుండా, గుడ్డ మారుస్తుంటే గుక్కపట్టి ఏడుస్తుంటే తుంటి కీలు చూపించండి, పళ్లొస్తున్నాయిలే అనుకోకండి. యూరిక్ యాసిడ్ ఎక్కువుందని కూడా ధీమా పడొద్దు, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు) ఉన్న కీలులోనే చీమూ పట్టొచ్చు. వైద్యం చేసినా వందలో పది మంది దాకా చనిపోతున్నారు, ఇది నొప్పి జబ్బు కాదు, ప్రాణం తీసే జబ్బు. ఒక్క కీలు ఉన్నట్టుండి వాచి, కాలిపోతూ, కదపలేకపోతే ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, తెల్లారాక చూద్దాంలే అనొద్దు.

పిన్నికి థియేటర్లో మోకాలు రెండుసార్లు కడిగారు, రెండు వారాలు నరానికి మందు ఎక్కించారు, ఆపైన నెలరోజులు బిళ్లలు. ప్రాణం దక్కింది గానీ మోకాలు సగమే ముడుస్తుంది. ఫిబ్రవరిలో కొత్త మిర్చి యార్డుకి వస్తుంది, పనికి పోతానంటోంది. కింద కూర్చోలేను, స్టూలు వేస్తావా అని మేస్త్రిని అడిగింది. చూద్దాంలే అమ్మా అన్నాడట.