ప్రతి ముక్కకూ క్రోమ్ పూయించమనే సలహా ఎందుకు తప్పు?

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు పాత బుల్లెట్లు, యెజ్డీలు, రాజ్‌దూత్‌లు బాగు చేయించుకునేవారి మధ్య కొంతకాలంగా ఒక సలహా విస్తృతంగా ప్రచారంలో ఉంది. పాత బండ్లకు కంపెనీవాళ్లు అంతటా క్రోమే వేశారని, క్రోమ్ వేస్తే ఇక తుప్పు పట్టదని, జింక్ అనేది డబ్బు మిగుల్చుకోవడానికి వేసే నాసిరకం పూత అని, కాబట్టి బండి విప్పగానే నట్లు, బోల్టులు, స్ప్రింగులు, ఇంజన్ కవర్లు అన్నీ ఒకే బస్తాలో వేసి ప్లేటింగ్‌కు పంపాలని, పూత ఎంత మెరిస్తే అంత మందంగా ఉన్నట్టని దాని సారాంశం. ఈ ఐదు మాటల్లో ఏదీ పూర్తిగా నిలబడదు. కొన్ని బండి సహజ రూపాన్ని మాత్రమే చెడగొడతాయి. బస్తా మాట మాత్రం నడిపేవాడి ప్రాణం మీదికి తెచ్చేది.

మొదటిది, అంతటా క్రోమే అన్న మాట. క్రోమ్ పూత పరిశ్రమల్లో వాడుకలోకి వచ్చిందే 1920ల రెండో సగంలో. అంతకు ముందు మోటారు సైకిళ్ల మీద మెరిసినది నికెల్. దాని మెరుపులో కొద్దిగా పసుపు వెచ్చదనం ఉంటుంది, క్రోమ్‌లో నీలి ఛాయ ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే కొత్తవాళ్లకైనా తేడా తెలుస్తుంది. అంత పాత బండి మన జిల్లాల్లో దొరకడం అరుదే కనుక, ఆ తర్వాతి కాలం సంగతి చూద్దాం. కొరియా యుద్ధ కాలంలో నికెల్ కొరత ఏర్పడి, 1951-52 ప్రాంతంలో బ్రిటిష్ కంపెనీలు రిమ్ములకు, ట్యాంకులకు క్రోమ్ తగ్గించి రంగు వేశాయి. ఆ ఏళ్ల బండికి రిమ్ములు తళతళలాడుతున్నాయంటే అవి తర్వాత ఎవరో మార్చినవి కావచ్చు. మామూలు రోజుల్లో కూడా క్రోమ్ దక్కింది హ్యాండిల్, సైలెన్సర్, ఇంజన్ నుంచి పొగను దానికి చేర్చే బెండ్ పైపు, రిమ్ము, హెడ్‌లైట్ రింగు, జావా ట్యాంకు పక్కల వంటి కంటికి ఎదురుగా ఉండే భాగాలకే. 1940ల నుంచి 60ల దాకా బ్రిటిష్ బండ్లలో నట్లు, బోల్టులు, స్పేసర్లు, చిన్న చిన్న క్లిప్పుల మీద ఎక్కువగా కనిపించేది క్యాడ్మియం అనే వెండి రంగు లోహపు పూత. మద్రాసులో 1955లో మొదలైన బుల్లెట్ తొలిరోజుల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన విడిభాగాలను బిగించి తయారైనదే కాబట్టి, ఆ తొలినాటి బుల్లెట్ల బోల్టుల మీద క్రోమ్ తళుకును ఆశించడానికి ఆధారం లేదు. జపాన్ బండ్లలో, 1970, 80 దశకాల్లో, పసుపు మీద ఆకుపచ్చ, గులాబి ఛాయలు ఆడే ఎల్లో జింక్ మామూలు.

ఏ భాగానికి ఏ పూత ఉండేదో తెలుసుకోవడానికి ఎవరి మాటా నమ్మనవసరం లేదు, బండే చెబుతుంది. వెనుక చక్రం ఇరుసు నట్టు విప్పి, దాని కింద వాషరును కిరోసిన్‌తో కడిగి, వెలుతురులో పట్టుకుని చూడాలి. బయటి అంచు గోధుమ రంగు తుప్పుతో గరుకుగా ఉంటుంది. నట్టు కూర్చున్న చోట మాత్రం, వానకూ వేలికీ తగలకుండా దాగిన సన్నని వలయంలో, అసలు పూత మిగిలి ఉంటుంది. ఆ వలయం వెండి తెలుపులో మెత్తని, కొంచెం మసకబారిన మెరుపుతో ఉంటే అది క్యాడ్మియం గానీ జింక్ గానీ అయి ఉంటుంది. అద్దంలా మొహం చూపిస్తే క్రోమ్ అనుకోవచ్చు. బ్రేక్ రాడ్డుపై స్ప్రింగు ఒరుసుకునే చోటు, క్లాంపుల లోపలి ముఖాలు, స్పేసర్ లోపలి గోడ కూడా ఇలాంటి సాక్ష్యాలే. అందుకే యాసిడ్‌లో ముంచక ముందే ఈ పరిశీలన పూర్తి చేసి, ఫొటోలు తీసి పెట్టుకోవాలి. క్యాడ్మియం అని అనుమానం వచ్చిన ముక్కను వైర్ బ్రష్ మిషన్‌తో రుద్దడం, గ్యాస్‌తో కాల్చడం పూర్తిగా మానాలి. దాని ధూళి విషపూరితం. కాలినప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులను ప్రాణాంతకంగా దెబ్బతీయగలదు. ఈ విషగుణం వల్లనే ఇవాళ దాన్ని కొత్తగా వేయించమని కూడా నేను చెప్పను. దానికి బదులు, ముక్కను ముందుగా సన్నని గాజు పూసలతో బ్లాస్టింగ్ చేయించి, మెరుపు మందులు తగ్గించి, పైన, జింక్‌ను కాపాడే పలుచని రసాయన పొర అయిన రంగులేని పాసివేషన్‌తో జింక్ వేయిస్తే చూపుకు దాదాపు ఆ మసక వెండి ఛాయే వస్తుంది.

రెండోది, క్రోమ్ తుప్పును ఆపుతుందన్న మాట. మనం క్రోమ్ అని పిలిచే అలంకార పూతలో పైన ఉండే క్రోమియం పొర మైక్రాన్‌లో పావు వంతు నుంచి సగం వరకు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని కింద పది నుంచి ముప్పై మైక్రాన్ల నికెల్, కొన్నిసార్లు ఆ కింద రాగి ఉంటాయి. నీటిని అడ్డుకునేది ఆ నికెల్. క్రోమియం చేసే పని నికెల్ మసకబారకుండా, గీతలు పడకుండా కాపాడడం. పైగా క్రోమియం పొరలో కంటికి కనపడని సందులు సహజంగానే ఉంటాయి. కింది నికెల్ పలచగా ఉండి, ఆ సందు ఇనుము దాకా వెళ్లిందంటే, ఇనుము కంటే నికెల్ చర్యాశీలత తక్కువ కాబట్టి, తడి తగిలినప్పుడు తినిపోయేది ఇనుమే, అదీ పూత లేనప్పటికంటే వేగంగా, ఆ ఒక్క బిందువు దగ్గరే లోతుగా. క్రోమ్ రిమ్ములపై సూది మొనంత గోధుమ చుక్కలు పుట్టి, ఒక వానాకాలం గడిచేసరికి వాటి చుట్టూ పూత ఉబ్బి పొలుసులా లేవడం ఇందువల్లనే. ప్లేటింగ్ తొట్టెలో కరెంటు అంచులకు, ఉబ్బెత్తు చోట్లకు ఎక్కువగా, గుంటలకు తక్కువగా చేరుతుంది. అందుకే రిమ్ములో తుప్పు మొదట కనిపించేది స్పోకు నిపుళ్లు కూర్చునే గుంటల దగ్గర, టైరు కింద దాగిన లోపలి వైపు. మనకు సముద్రపు ఉప్పు గాలి లేదు, నిజమే. కానీ పశువుల కొట్టంలో గానీ, తేమ పట్టిన ఎరువుల బస్తాల పక్కన గానీ బండిని ఏళ్ల తరబడి నిలబెట్టినప్పుడు ఆ లవణాల తడి అంతకు తక్కువ హాని చేయదు.

జింక్ నాసిరకం అన్నది మూడో మాట. దీనికి జవాబు పై పేరాలోనే సగం ఉంది. ఇనుము కంటే జింక్ ఎక్కువ చర్యాశీలమైనది. గీత పడి ఇనుము బయటపడినా, ముందుగా జింక్ తానే తినిపోతూ పక్కనున్న ఇనుమును కాపాడుతుంది. మన ఇళ్ల మీది జింకు రేకును కత్తిరించిన అంచు వెంటనే ఎర్రబడకపోవడం అందరూ చూసినదే. జింక్ పూసిన బోల్టుపై తెల్లని పొడి కనిపిస్తే పూత పనిచేస్తున్నదని, ఎర్ర తుప్పు కనిపిస్తే పూత అయిపోయిందని అర్థం. స్పానరు తగిలి గీత పడక తప్పని నట్టుకు ఇంతకంటే తగిన పూత ఏముంటుంది? అయితే బెండ్ పైపుకు, హ్యాండిల్‌కు జింక్ వేయమని ఎవరూ చెప్పరు. వేడికి దాని మీది పాసివేషన్ పొర చెడుతుంది, మెరుపూ నిలవదు. అన్నట్టు, క్రోమ్ బెండ్ పైపు ఇంజన్ దగ్గర నీలం తిరగడం కూడా ప్లేటింగ్‌వాడి తప్పు కాదు. వేడికి ఉపరితలం అలా రంగు మారుతుంది, పెట్రోలు-గాలి మిక్చర్ పలచనైనా స్పార్క్ టైమింగ్ వెనకబడినా ఇంకా త్వరగా మారుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నాలుగోది, ఒకే బస్తా సలహా. ఉక్కును యాసిడ్‌లో ముంచినప్పుడు, తర్వాత తొట్టెలో కరెంటు పారినప్పుడు, హైడ్రోజన్ పుట్టి కొంత ఆ లోహంలోకే ఇంకుతుంది. మెత్తని ఉక్కుకు దానితో పెద్ద హాని లేదు. గట్టిపరచిన ఉక్కు మాత్రం పెళుసుబారుతుంది. అలాంటి బోల్టు బిగించినప్పుడు బాగానే ఉంటుంది. కొన్ని గంటలకో కొన్ని రోజులకో, బండి నిలిపి ఉన్నప్పుడు కూడా, దాని తల టపుక్కున ఊడిపోతుంది. విరిగిన చోట సాగిన గుర్తు ఉండదు, చక్కెర పలుకుల్లాంటి మెరుపు ఉంటుంది. తలపై 12.9 అని (ఇది బోల్టు బలాన్ని తెలిపే అంకె) ముద్ర ఉన్న బోల్టులు, ఫోర్క్ స్ప్రింగులు, క్లచ్ స్ప్రింగులు, సైడ్ స్టాండు స్ప్రింగు ఈ కోవలోకి వస్తాయి, 10.9 విషయంలో కూడా జాగ్రత్త అవసరం. వీటికి పూత తప్పనిసరి అయితే, పూసిన నాలుగు గంటల లోపే 190-220 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి ఓవెన్‌లో ఉంచి హైడ్రోజన్‌ను బయటికి పంపాలి. ఎల్లో జింక్ అయితే ఈ వేడి పని పసుపు పాసివేషన్‌కు ముందే జరగాలి, తర్వాత చేస్తే ఆ పొర చెడిపోతుంది. ఆ సౌకర్యం షాపులో ఉందో లేదో ముందే అడగాలి. లేదంటే కనెక్టింగ్ రాడ్ బోల్టులు, వాల్వ్ స్ప్రింగులు, చక్రపు ఇరుసులు వంటి వాటిని ఆ గడప తొక్కించకపోవడమే మేలు. ఇంజన్ లోపలి భాగాలకు ఎలాగూ నూనె రక్షణ ఉంది, వాటికి ఏ పూతా అక్కర్లేదు.

అదే బస్తాలో మరలున్న ముక్కలకు వేరే ఇబ్బంది ఉంది. గట్ల కోణం అరవై డిగ్రీలున్న మర మీద పూత ఎంత మందం ఉంటే దాని పిచ్ వ్యాసం (మర గట్ల సగం ఎత్తు దగ్గరి వ్యాసం) అంతకు నాలుగు రెట్లు పెరుగుతుంది. జింక్ ఎనిమిది మైక్రాన్లు వేస్తే ముప్పై రెండు మైక్రాన్లు, దానికి నట్టు ఒప్పుకుంటుంది. నికెల్, క్రోమ్ కలిసి ఇరవై మైక్రాన్లయితే ఎనభై మైక్రాన్లు. పాత బ్రిటిష్ బండ్లలోని అంగుళానికి ఇరవై ఆరు చుట్ల సన్న మరకు అది చాలా ఎక్కువ. నట్టు ఎక్కక, డై తిప్పి మరను కోస్తారు. కోసిన చోట పూతంతా రాలిపోయి, డబ్బు పెట్టి చేయించిన పని మరలోనే పోతుంది. అల్యూమినియం ఇంజన్ కవర్లయితే అసలు కంపెనీ నుంచే పాలిష్‌తో వచ్చినవి. అల్యూమినియంపై పూత నిలవాలంటే ముందుగా జింకేట్ ద్రావణంతో ప్రత్యేకంగా సిద్ధం చేయాలి, ఆ దశ సరిగా జరగకపోతే క్రోమ్ పొరలు పొరలుగా లేస్తుంది. ఇక పోత ఇనుము సిలిండర్ రెక్కలకు క్రోమ్ అనేది నా దృష్టిలో అవివేకం, ఎందుకంటే మెరిసే ఉపరితలం వేడిని విడుదల చేయడంలో నల్ల రంగు కంటే బలహీనమైనది.

మెరుపే మందానికి గుర్తు అన్న చివరి మాటకు ఎక్కువ చర్చ అక్కర్లేదు. మెరుపు బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రంతో రుద్ది నునుపు చేయడం) వల్ల, నికెల్ తొట్టెలో కలిపే మెరుపు మందుల వల్ల వస్తుంది. మందం కరెంటు మీద, తొట్టెలో ఉంచిన సమయం మీద ఆధారపడుతుంది. మెరుపు కోసం అతిగా బఫింగ్ చేస్తే లీవర్ల అంచులు గుండ్రబడి, వాటి మీద కంపెనీ ముద్రించిన అక్షరాలు అరిగిపోతాయి. బేరం ఆడేటప్పుడు మెరుపు గురించి కాక, నికెల్ ఎన్ని మైక్రాన్లు వేస్తారని అడిగితే, షాపువాడికి పని వచ్చో రాదో ఆ జవాబులోనే తెలుస్తుంది.

ఫోర్క్ రాడ్ల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే అవి మెరుస్తాయి కాబట్టి వాటినీ సైలెన్సర్‌తో పాటే ఇచ్చేస్తున్నారు. వాటికి కావలసింది అలంకార క్రోమ్ కాదు, హార్డ్ క్రోమ్. అది నికెల్ లేకుండా నేరుగా ఉక్కు మీద పదుల మైక్రాన్ల మందంతో వేసే పూత. రాడ్డును ముందు గ్రైండింగ్‌తో కొద్దిగా సన్నబరచి, పూత వేసి, మళ్లీ అసలు కొలతకు గ్రైండ్ చేస్తారు. అలంకార క్రోమ్ వేసిన రాడ్డు బిగించితే కొలత మారి ఆయిల్ సీలు నలుగుతుంది, మెత్తని నికెల్ మీది పలుచని పొర బుష్షు రాపిడికి త్వరగా అరుగుతుంది, ఫోర్క్ ఆయిల్ కారి ముందు బ్రేకు డ్రమ్ము దాకా దిగే అవకాశం ఉంటుంది. కనుక ఆ రాడ్లను ప్లేటింగ్ షాపుకు కాకుండా, హైడ్రాలిక్ సిలిండర్ రాడ్లకు హార్డ్ క్రోమ్, గ్రైండింగ్ రెండూ చేసే చోటికి, అసలు వ్యాసం ఎంతో కాగితం మీద రాసిచ్చి పంపాలి.