చవకైన టీ మీద అంత కోపం ఎందుకొచ్చింది?

పన్నులు పెంచారు, అమెరికన్లు తిరగబడ్డారు. బడిలో మనం చదువుకున్నది ఇంతే. కానీ 1773 డిసెంబరు 16 రాత్రి అమెరికాలోని బోస్టన్ రేవులో జనం సముద్రం పాలు చేసిన టీ, మునుపటి ధర కన్నా తక్కువకు అమ్మడానికి తెచ్చిన సరుకు. దాని మీద పౌండుకు 3 పెన్నీల పన్ను అప్పటికి ఆరేళ్ల పాతది. పైగా బ్రిటన్‌లో ఉన్నవాళ్లు కట్టే పన్నులతో పోలిస్తే బ్రిటన్ ఏలుబడిలో ఉన్న అమెరికా వలసల్లో వాళ్లు కట్టేది చాలా తక్కువ. మరి గొడవ ఎక్కడొచ్చింది? పన్ను మొత్తం దగ్గర కాదు, వసూలు చేసే పద్ధతి దగ్గర. ఆ డబ్బు ఎవరి జీతాలకు పోతుందన్న దగ్గర.

ఫ్రాన్స్‌తో సాగిన ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ అప్పు సుమారు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్లు దాటింది. వలసలూ కొంత మోయాలని లండన్ అనుకోవడంలో అన్యాయమేమీ లేదు. తేడా కొట్టింది అమలులో. రమ్ము కాచడానికి వాడే మొలాసిస్ మీద గ్యాలన్‌కు 6 పెన్నీల సుంకం 1733 నుంచీ ఉంది. కస్టమ్స్ వాళ్ల చేయి తడిపితే సరిపోయేది కాబట్టి దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1764లో ప్రధాని గ్రెన్‌విల్ దాన్ని సగానికి, 3 పెన్నీలకు తగ్గించాడు. తగ్గించిన సుంకానికే గోల మొదలైంది, ఎందుకంటే ఈసారి నిజంగానే వసూలు చేస్తామన్నారు. ఓడ పట్టుబడితే సరుకు సక్రమమైనదని రుజువు చేసుకోవాల్సింది యజమానే. కేసును జ్యూరీ లేని నౌకా న్యాయస్థానానికి, కావాలంటే ఎక్కడో ఇప్పటి కెనడాలో ఉన్న హాలిఫాక్స్‌కు తీసుకుపోవచ్చు. జప్తు సొమ్ములో మూడో వంతు గవర్నరుకు, మూడో వంతు పట్టుకున్న అధికారికి. దొంగను పట్టినవాడికే సొత్తులో వాటా ఇస్తే అందరూ దొంగల్లాగే కనిపిస్తారు కదా!

మరుసటి ఏడాది వచ్చిన స్టాంపు చట్టం ఇంకా తెలివితక్కువ పని. పత్రికలు, దస్తావేజులు, లైసెన్సులు, చివరికి పేక ముక్కల కట్టకు కూడా ముద్ర వేసిన కాగితం కావాలి. అంటే ముద్రాపకుడినీ వకీలునూ సారాయి దుకాణదారునూ, ఊళ్లో నలుగురి చేత మాట్లాడించగల ముగ్గురినీ ఒకేసారి కెలికారు. ముద్ర కాగితం అమ్మాల్సిన ఏజెంట్లు జనం దెబ్బకు ఒక్కొక్కరే రాజీనామా చేశారు. 1765 నవంబరు 1న చట్టం అమల్లోకి వచ్చేసరికి కాగితం అమ్మే నాథుడే దాదాపు లేడు. 1766 మార్చిలో రద్దు చేశారు. అయితే వలసల మీద ఏ చట్టమైనా చేసే హక్కు పార్లమెంటుకు ఉందని అప్పుడే ఇంకో చట్టం చేసి పెట్టుకున్నారు.

అసలు కీలు 1767లో ఆర్థికమంత్రి టౌన్‌షెండ్ తెచ్చిన సుంకాల్లో ఉంది. గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద వచ్చే డబ్బుతో వలసల గవర్నర్లకు, జడ్జీలకు జీతాలివ్వచ్చని చట్టంలో రాశారు. అప్పటిదాకా చాలాచోట్ల గవర్నరు జీతం స్థానిక అసెంబ్లీ చేతిలో ఉండేది. మాట వినని గవర్నరుకు జీతం ఆపడమే అసెంబ్లీకున్న ఏకైక కళ్లెం. బ్రిటిష్ సరుకుల బహిష్కరణ దెబ్బకు లండన్ దిగొచ్చి 1770లో మిగతా సుంకాలు ఎత్తేసింది. టీ మీద మాత్రం ఉంచింది. 1769 మేలో మంత్రివర్గం 5–4తో, ఒక్క ఓటు తేడాతో తీసుకున్న నిర్ణయమది.

ఇక్కడే మన వైపు కథ వచ్చి కలుస్తుంది. 1765లోనే ఈస్టిండియా కంపెనీ బెంగాల్ దివానీతో (పన్ను వసూలు హక్కుతో) పాటు ఉత్తర సర్కార్లకూ మొగలు ఫర్మానా సంపాదించింది. రాబడి మీద ఆశతో షేర్లు ఎగిశాయి. హైదర్ అలీతో యుద్ధం, 1770 బెంగాల్ కరువు, 1772 లండన్ బ్యాంకుల సంక్షోభం కలిసి కంపెనీని దివాలా అంచుకు తెచ్చాయి. గోదాముల్లో కోటీ 70 లక్షల పౌండ్ల బరువైన టీ మురుగుతోంది. ప్రభుత్వం 14 లక్షల పౌండ్ల అప్పిచ్చి, 1773లో టీ చట్టం కూడా చేసింది. లండన్ వేలంతో పనిలేకుండా కంపెనీయే సొంత ఏజెంట్ల ద్వారా అమెరికాలో అమ్ముకోవచ్చు. ఇంగ్లండులో కట్టిన దిగుమతి సుంకం వాపసు. ఆ 3 పెన్నీలు కూడా ఎత్తేయకపోతే అమెరికన్లు టీ కొనరని డౌడ్స్‌వెల్ అనే సభ్యుడు పార్లమెంటులోనే హెచ్చరించాడు. ప్రధాని నార్త్ వినలేదు. జీతాల నిధి అదే మరి.

సుంకం ఎగ్గొట్టి తెచ్చిన దొంగ టీ అమ్ముకునే వర్తకుల స్వార్థం ఇందులో లేదని కాదు, దండిగా ఉంది. కానీ ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ డికిన్సన్ లాంటివాళ్లు బెంగాల్ కరువును చూపించి, ఆ కంపెనీ రేపు మన మీద పడుతుందని రాశారు.

బోస్టన్‌లో ముడి ఇలా బిగిసింది. ‘డార్ట్‌మత్’ ఓడ నవంబరు 28న వచ్చింది. 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ సరుకు జప్తు చేసుకోవచ్చు. దించకుండా తిరిగి పోవాలంటే కస్టమ్స్ క్లియరెన్సు కావాలి, సుంకం కట్టనిదే అది ఇవ్వరు. రేవు కోట దాటడానికి గవర్నర్ హచిన్సన్ అనుమతి కావాలి, ఆయన ఇవ్వనన్నాడు. ఆయన కొడుకులిద్దరూ టీ ఏజెంట్లే. న్యూయార్క్, ఫిలడెల్ఫియాల నుంచి టీ ఓడలు వెనక్కి మళ్లాయి. చార్లెస్టన్‌లో సరుకు గోదాములో పడింది. బోస్టన్‌లో మాత్రం గడువు తీరడానికి ముందు రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెలు, సుమారు 92 వేల పౌండ్ల బరువైన టీ నీళ్లలో కలిసింది.

లండన్ కోపంతో 1774లో రేవు మూసేసింది, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలసలో గవర్నరు అనుమతి లేకుండా ఏడాదికి ఒకటికి మించి ఊరి సభ పెట్టకూడదంది. ఒక ఊరి తప్పుకు ఒక వలసంతటికీ శిక్ష వేయడంతో, అప్పటిదాకా ఎవరి దారి వారిదిగా ఉన్న వలసల్లో 12 సెప్టెంబరుకల్లా ఫిలడెల్ఫియాలో ఒకచోట కూర్చున్నాయి. 1775 ఏప్రిల్ 19న మసాచుసెట్స్‌లోని లెగ్జింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలైంది.

ఆ 3 పెన్నీల పన్నును బ్రిటన్ చివరికి ఎత్తేసింది, 1778లో, ఫ్రాన్స్ అమెరికా పక్షాన చేరాక. రాబడి కోసం ఇక పన్ను వేయబోమని అదే చట్టంలో మాటిచ్చింది. ఆ మాట వర్తించే చోట్లనూ పేర్లు పెట్టి రాశారు: ఉత్తర అమెరికా, వెస్టిండీస్.