ప్రకాశం అని వెతికితే దొరకని సైనికులు

ఆగస్టు 15న ఒంగోలులోనూ నెల్లూరులోనూ పోలీసు పెరేడ్ జరుగుతుంది, జెండా ఎగురుతుంది, మిఠాయిలు పంచుతారు. 1945లో అదే తేదీన జపాన్ లొంగుబాటు ప్రకటనతో రెండో ప్రపంచ యుద్ధం ఆగిందన్న ఊసు అక్కడ రాదు. రెండేళ్ల తర్వాత వచ్చిన పెద్ద పండుగ కింద ఆ విజయం మునిగిపోయింది. మునగడానికి వేరే కారణమూ ఉంది. గెలిచింది తెల్లవాడి సైన్యం, మనం కోరుకున్నది తెల్లవాడు పోవడం. ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లు తిరిగొస్తే జనం పూలదండలు వేశారు. అవతలి పక్కన నిలబడి ఇంఫాల్, కోహిమాల్లో జపాన్‌ను ఆపినవాడు మాత్రం ట్రంకుపెట్టె మోసుకుని చప్పుడు లేకుండా ఊరు చేరాడు. భారత సైన్యంలో చేరినవారు దాదాపు 25 లక్షలు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు 87 వేలకు పైనే. అయినా 1945 సెప్టెంబరు 2న మిస్సౌరీ నౌక మీద లొంగుబాటు పత్రంపై గెలిచిన పక్షాన సంతకాలు చేసిన తొమ్మిది దేశాల్లో భారత్ లేదు.

ఇద్దరిలో ఎవరిది దేశభక్తి అన్న తగువు ఇక్కడ అనవసరం. ఊళ్లో పెట్టే స్మారక రాతి మీద ఇద్దరి పేర్లకూ చోటుంది. అసలు చిక్కు పేర్లు దొరకకపోవడం. 2023లో ‘మేరీ మాటీ మేరా దేశ్’ పేరుతో పంచాయతీల్లో శిలాఫలకాలు పెట్టించారు. స్థానిక వీరుల పేర్లు చెక్కాలన్నది మంచి ఆలోచనే. కానీ జాబితా తయారు కాకుండా రాయి తెస్తే, పేరు తెలిసిన ఒకరిద్దరితోనే అది నిండిపోతుంది.

జాబితాకు మొదటి అడ్డంకి జిల్లా పేరే. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో చనిపోయిన సైనికుడి పేరు, నంబరు, దళం, తేదీ ఉంటాయి. చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఇచ్చారు. అక్కడ జిల్లా పేరుగా ‘ప్రకాశం’ అని కొడితే లాభం లేదు. ఆ యుద్ధం నాటికి ఆ జిల్లా పుట్టలేదు. ఒంగోలు తాలూకా 1904 నుంచి గుంటూరు జిల్లాలో ఉండేది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఊళ్లు నెల్లూరు జిల్లావి. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపువి కర్నూలు జిల్లావి. అంటే పాత ఉమ్మడి ప్రకాశం మనిషి కోసం మూడు జిల్లాల కింద వెతకాలి. 1971 యుద్ధం దగ్గర ఇంకో మెలిక. 1970 ఫిబ్రవరిలో ఏర్పడినప్పుడు పెట్టిన పేరు ఒంగోలు జిల్లా. ప్రకాశం అయింది 1972 డిసెంబరులో. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన 1971 డిసెంబరు 16 నాటి కాగితాల్లో ఒంగోలు జిల్లా అనే ఉంటుంది. ఈ సంగతి తెలియక ‘మన జిల్లా నుంచి ఎవరూ లేరు’ అని తేల్చేయడం చాలా తేలిక.

రెండో అడ్డంకి స్పెల్లింగ్. అప్పటి గుమస్తా రెడ్డి చివర ‘వై’ బదులు ‘ఐ’ రాశాడు, అయ్యను ‘అయ్య’గానో ‘ఇయా’గానో తనకు వినబడినట్టు రాశాడు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఇంకోచోట అసలుండదు. అందుకని పూర్తి పేరు కొట్టకుండా మొదటి నాలుగైదు అక్షరాలతో, దళం పేరు కలిపి వెతకాలి. తెలుగువాళ్ల కోసం మద్రాస్ రెజిమెంట్, మద్రాస్ సాపర్స్ (సైన్యపు ఇంజనీర్ల దళం) చూసి ఆపేస్తే సగం పనే అవుతుంది. రోడ్లు వేసిన పయనీర్ దళం, రవాణా చూసే సర్వీస్ కోర్, వైద్య దళం కూడా చూడాలి. వెంకటయ్యలు, సుబ్బయ్యలు వందల్లో ఉంటారు. కొత్తపల్లెలు, రామాపురాలూ అంతే. కాబట్టి పేరు కలిసిందని సంబరపడకూడదు. సర్వీసు నంబరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడింట్లో రెండు కలిస్తేనే మన మనిషి.

ఆ పేరు రాసి ఉన్న చోటు కూడా ఆశ్చర్యపరుస్తుంది. బర్మాలో సమాధి దొరకని వాళ్లు రంగూన్ స్మారకంలో ఉన్నారు. అక్కడ దాదాపు 27 వేల పేర్లున్నాయి. మలయా, సింగపూర్‌ల వాళ్లకు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం. అవిభక్త భారత సైనికులు 25 వేల మందికి పైగా పేర్లున్న గౌరవ పుస్తకాలు ఢిల్లీలోనూ కరాచీలోనూ ఉన్నాయి. కావలి కుర్రాడి పేరు కరాచీలో ఉండొచ్చు! యుద్ధం ఆగాక శిబిరంలో జబ్బుచేసి పోయినవాళ్లను వదలొద్దు. ఆ కమిషన్ లెక్క 1947 డిసెంబరు 31 దాకా సాగుతుంది. అలాగని ఆ లెక్కను వేదంలా పట్టుకోనక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఆఫ్రికా, ఆసియా వాళ్లను సమానంగా స్మరించలేదని 2021లో కమిషనే ఒప్పుకుంది.

బతికొచ్చిన విజేతల పని ఇంకా కష్టం. యుద్ధమయ్యాక ఇంటికి పంపేసిన వాళ్లలో ఎక్కువమందికి గ్రాట్యుటీ చేతిలో పెట్టారు, పింఛను లేదు. పింఛను లేదంటే ఆ ఇంట్లో కాగితమూ లేనట్టే. మిగిలేవి డిశ్చార్జి సర్టిఫికెట్టు, పతకాలు. భారత సైనికులకిచ్చిన పతకాల్లో చాలావాటి అంచున నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. భూతద్దంతో చదవాలి. దానికి ముందు చింతపండు పెట్టి తోమారా, ఆ అక్షరాలు అరిగిపోతాయి.

సైనికుల జాబితాలో ఎక్కని వాళ్లూ ఉన్నారు. గూడూరు, సైదాపురం వైపు దొరికే కాకిబంగారం, అంటే అభ్రకం, అప్పట్లో యుద్ధ సరుకు. రేడియో కండెన్సర్లకు, విమానం ఇంజిన్ల స్పార్కు ప్లగ్గులకు అభ్రకమే దిక్కు. దాన్ని కొనడానికి బ్రిటన్, అమెరికా కలిసి ఒక మిషన్‌నే పెట్టాయి. రేకు రేకుగా చేత్తో చీల్చిన ఆడకూలీలకు విజయం అంటే గిరాకీ పడిపోవడం. వాళ్ల పేర్లు దొరకవు. కనీసం పని పేరైనా రాతికెక్కాలని నా అభిప్రాయం.

ఇక రాయి. ప్రకాశంలో రాయి అనగానే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ గుర్తొస్తుంది. మెట్లకూ గుమ్మాలకూ దాని అందమే వేరు. పేర్ల పలకకు మాత్రం పనికిరాదు. నల్ల రాతిలోని బంగారు చుక్కలు సన్నక్షరాన్ని మింగేస్తాయి, పాలిష్ మీద ఎండ పడితే కంటికి ఏమీ ఆనదు. చుక్కల్లేని నల్ల రాయి, పాలిష్ తగ్గించి, అక్షరం లోతుగా చెక్కించాలి. పైపైన గీసి బంగారు రంగు పూస్తే కొన్ని ఎండాకాలాలకే పెచ్చులూడుతుంది. హోదా చూడకుండా పేర్లన్నీ ఒకే సైజులో ఉండాలి. ఆవిష్కరించిన నాయకుడి పేరు సైనికుల పేర్లకన్నా పెద్దగా ఉండే మన అలవాటు ఇక్కడ వద్దు. తర్వాత దొరికే పేర్ల కోసం కింద మూడో వంతు ఖాళీ వదలాలి.

చెక్కాక తప్పు బయటపడితే పలకంతా మార్చాలి. అందుకే జాబితాను ముందు ఫ్లెక్సీ మీద వేయించి గ్రామ సచివాలయం దగ్గర నెల్లాళ్లు కట్టి ఉంచితే చాలు. ఇంటిపేరు తప్పుపడ్డవాళ్ల మనవళ్లే వచ్చి దిద్దిపోతారు.