నాలుగు లైన్లూ బిజీయే!

మా ఆఫీసు ట్రంక్ లైన్లు నాలుగింటినీ ఫోన్ లైన్లను కంప్యూటర్ నెట్‌వర్కుతో కలిపే కొత్త గేట్‌వే పెట్టెకు తగిలించాలని ఫైలు కదిలినప్పుడు అకౌంట్స్ పెద్దాయన వేసిన మొదటి ప్రశ్న: "ట్రంకులు ఇప్పుడెవరు కొంటున్నారండీ, సూట్‌కేసులు చాలవా?" నవ్వకండి, బిల్లు పాస్ చేసేది ఆయనే. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే లైనునే ట్రంక్ అంటారని నచ్చజెప్పేలోగా, పాతరోజుల్లో అయితే ట్రంక్ కాల్ బుక్ చేసి రాజమండ్రితో మాట్లాడేసి ఉందుము.

పెట్టెకు రెండు జాతుల పోర్టులు. ఎఫ్ఎక్స్ఎస్‌ది ఇచ్చే చెయ్యి. ఫోనుకు కరెంటు, డయల్ టోన్, రింగు అన్నీ అదే ఇస్తుంది. ఎఫ్ఎక్స్ఓది పుచ్చుకునే చెయ్యి. ట్రంక్ లైను దూర్చాల్సింది ఇందులో. చూడబోతే రెండూ కవలలు. కుర్రాడు మొదటి లైనును ఎఫ్ఎక్స్ఎస్‌లో గుచ్చాడు. నేనిస్తానంటే నేనిస్తానని ఇద్దరు వియ్యంకులు హోటల్ బిల్లు దగ్గర పట్టుబట్టినట్టయింది. ఎక్స్ఛేంజీ మామూలుగా 48 వోల్టులే పెడుతుంది గానీ, రింగు వచ్చినప్పుడు ఏకంగా 70 దాటిస్తుంది. ఆ పోర్టు మళ్లీ లేవలేదు.

అసలు ఘనకార్యం తర్వాతది. అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారని గేట్‌వేకి తెలియాలంటే ఎక్స్ఛేంజీ లైను పొలారిటీ, అంటే ప్లస్సూ మైనస్సూ, తిప్పి చెప్పాలి. దానికి పెట్టిన అర్జీ ఇంకా ప్రయాణంలోనే ఉంది. లేదా ఎంగేజ్ టోన్ విని గేట్‌వేయే గ్రహించుకోవాలి. మన టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోత, ముప్పావు సెకను మౌనం. మా పెట్టె అమెరికా సెట్టింగులతో దిగింది. దానికి తెలిసిన ఎంగేజ్ 480, 620 హెర్ట్జ్‌ల జోడీ, అరసెకను చొప్పున. కాబట్టి మన కుయ్‌కుయ్‌ను ఎవరో కస్టమరు గోడు అనుకుని, లైను వదలకుండా గంటలకొద్దీ ఓపిగ్గా వింటూ కూర్చుంది. అంత ఓపిక మా కస్టమర్ కేర్‌లో ఒక్కరికీ లేదు.

ఉదయం పదకొండుకల్లా, లైను బిజీ అని చెప్పే పెట్టె మీది నాలుగు లైట్లూ పచ్చగా వెలిగేవి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. మేనేజరు గారు మాత్రం వచ్చినవాళ్లందరికీ ఆ లైట్లు చూపించి, "చూశారా డిమాండు!" అనేవారు. ఐదో లైనుకు ఆర్డరు కూడా పెట్టారు. దీన్ని లోపం అనేవాళ్లకు సంస్థ ప్రతిష్ఠ మీద గౌరవం లేదని నా అభిప్రాయం.

అయినా కుర్రాడు ఊరుకోడుగా. ఓ శుక్రవారం సెట్టింగుల్లోకి వెళ్లి 400, 0.75 అని కొట్టాడు. లైన్లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి, ఫోన్లు మోగడం మొదలైంది. "మూడు వారాలుగా చేస్తున్నామండీ" అంటూ నిజం కస్టమర్లు! రిసెప్షన్ అమ్మాయికి టెన్షన్‌తో జ్వరమొచ్చింది. ఆరిపోయిన లైట్లు చూసి, వ్యాపారం పడిపోయిందని మేనేజరు గారికి బీపీ పెరిగింది.

సాయంత్రం కుర్రాణ్ని గదిలోకి పిలిపించి, పాత సెట్టింగే పెట్టించారు. ఐదో లైను సోమవారం వస్తోంది.