మహారాజశ్రీ స్పార్క్ గారి దివ్య సముఖమునకు

హైటెక్ సిటీలో రాత్రి డ్యూటీ పడ్డ ఒక డేటా ఇంజనీరు, పెద్ద డేటాని చాలా మెషీన్ల మీద పంచి లెక్కకట్టే సాఫ్ట్‌వేరైన తమకు నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ, తమ ఎగ్జిక్యూటర్లలో, అంటే మెషీన్ల మీద మీ పని చేసే ప్రాసెస్‌లలో, ఒకటి ఇప్పుడే పోయినట్టు లాగ్ ఫైల్లో కబురు వచ్చింది కాబట్టి ఆ ముక్క దాటేస్తున్నాను.

తమరి వంశచరిత్ర మాకు తెలియంది కాదు. 2009లో బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టారు. అడుగడుగునా డిస్కు దాకా వెళ్ళొచ్చే హడూప్ మ్యాప్‌రెడ్యూస్ అనే పాత పద్ధతితో వేగలేక అక్కడి విద్యార్థి మతేయ్ జహారియా మిమ్మల్ని మొదలుపెట్టారు. 2014కల్లా అపాచీ అనే ఓపెన్‌సోర్స్ సంస్థ పెద్ద ప్రాజెక్టుల వరసలో కూర్చున్నారు. ఆ తర్వాత అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఫ్లెక్సీల మీదికి ఎక్కారు. వంద రెట్లు వేగం అని అందరూ చెప్పారు. దెబ్బ ఒకచోట తగిలితే మీరు వేరేచోట ఏడుస్తారన్న సంగతి మాత్రం ఏ కోచింగ్ సెంటరూ చెప్పలేదు.

ముందుగా తమరి సోమరితనం. లేజీ ఇవాల్యుయేషన్ అని మీవాళ్ళు దానికి శాలువా కప్పారు. ఫిల్టర్ చెయ్యమంటే సరేనంటారు. రెండు పట్టికల్ని కలిపే జాయిన్ అంటే సరే. అంకెలుండాల్సిన కాలమ్‌లో ఎవరో 'ఎన్ఏ' అని రాసిపెట్టారు, దాన్ని అంకెగా మార్చే పైథాన్ యూడీఎఫ్, అంటే మేం సొంతంగా రాసుకున్న ఫంక్షన్, ఫిల్టర్‌లో తగిలించినా సరే. ఒక్క పనీ చెయ్యరు, అన్నీ రాసుకుని కూర్చుంటారు. చివర్లో ఎవడో అమాయకుడు ఎన్ని వరసలున్నాయో చెప్పమని కౌంట్ అనగానే ఆ పనులన్నీ ఒక్కసారి మొదలై, స్క్రీను నిండా స్టాక్ ట్రేస్ అనే ఎర్రర్ల చిట్టా ఊడిపడుతుంది. అందులో వేలెత్తి చూపేది కౌంట్ ఉన్న లైనుని. కౌంట్ ఏం పాపం చేసిందండీ? అసలు నేరస్థుడు 'కాజ్డ్ బై' అన్న మాట పక్కన, కింద ఎక్కడో నక్కి ఉంటాడు. అంత కిందికి దిగేవాడెవడు?

పైగా తమకు దయ ఎక్కువ. టాస్కు, అంటే పనిలో ఒక ముక్క, ఓడిపోతే వెంటనే జాబ్ మొత్తాన్ని చంపరు, నాలుగుసార్లు అవకాశం ఇస్తారు. మెషీను పోయినప్పుడు మంచిదే. 'ఎన్ఏ' అన్న అక్షరాలు నాలుగోసారికి అంకెలవుతాయని మాత్రం ఏ జ్యోతిష్కుడు చెప్పాడో.

ఇక ఫెచ్ ఫెయిల్డ్ అనే మహానాటకం. అత్త మీద కోపం దుత్త మీద తీర్చడం అంటే ఇదే. ఒక ఎగ్జిక్యూటర్ మెమరీ హద్దు దాటింది, మెషీన్ల వనరులు పంచే యార్న్ దాన్ని లేపేసింది. దాని దగ్గరున్న షఫుల్ ఫైళ్ళు, అంటే తర్వాతి దశకి పంచాల్సిన డేటా, దానితోనే పోయాయి. తర్వాత స్టేజీలో ఇంకో ఎగ్జిక్యూటర్ ఆ ఫైళ్ళకోసం వెళ్ళి, తలుపు తట్టి, ఎవరూ పలకలేదని కేకలు పెట్టింది. మాకు వినబడేది ఆ కేకే. మావాళ్ళు ఠక్కున నెట్‌వర్క్ టీముకి టికెట్ వేస్తారు. తమ తప్పేం లేదని ఆ టీము నిరూపించుకునేసరికి తెల్లారిపోతుంది. ఎక్స్‌టర్నల్ షఫుల్ సర్వీసు పెట్టుకుంటే ఎగ్జిక్యూటర్ పోయినా ఫైళ్ళు దక్కుతాయట. దాన్ని మీరు ఆఫ్‌లో పెట్టి పంపిస్తారు.

ఆ పోయినది ఎందుకు పోయిందో చూస్తే ఇంకో వింత. నాలుగు జీబీ అడిగి తీసుకుంది, దాని లోపలి హీప్ అనే మెమరీ అంతా ప్రశాంతం. హీప్ బయట కూర్చున్న పైథాన్ ప్రాసెస్ మెల్లగా మెక్కుతోంది. దానికని మీరు విడిగా కేటాయించేది ఎగ్జిక్యూటర్ మెమరీలో పది శాతం, లేదా 384 ఎంబీ, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. నాలుగు జీబీకి సుమారు 410 ఎంబీ వస్తుంది. పెంచాల్సింది ఆ విడి వాటాని, అదే మెమరీ ఓవర్‌హెడ్‌ని. కానీ మా ఆఫీసులో ఏ జబ్బుకైనా మందు ఒకటే: "అన్నా, ఎగ్జిక్యూటర్ మెమరీ డబుల్ చెయ్, అయిపోతది." నిజంగానే అయిపోతుంది కూడా. పది శాతం లెక్క కాబట్టి ఓవర్‌హెడ్డూ రెట్టింపైంది. జాబ్ నడిచింది, సలహా ఇచ్చినవాడు జ్ఞాని అయ్యాడు, క్లౌడ్ బిల్లు మాత్రం ఫైనాన్స్ వాళ్ళకి వెళ్ళింది.

అదే జ్ఞాని మొన్న స్క్యూ దగ్గర, అంటే డేటా అంతా ఒకచోటే కుప్పపడే జబ్బు దగ్గర, దొరికిపోయాడు. తెలంగాణ మొత్తం ఆర్డర్ల పట్టిక. ఊరివారీగా విడగొట్టి, ఒక్కో ఊళ్ళో ఆర్డర్లకి వరస నంబర్లు వెయ్యమని విండో ఫంక్షన్ రాశారు. మీరు మామూలుగా షఫుల్‌ని 200 పార్టిషన్లు, అంటే ముక్కలు, చేస్తారు; ఒక్కో ముక్కకి ఒక్కో టాస్కు. ఒక ఊరు మొత్తం ఒకే పార్టిషన్‌లోకి వెళ్ళాలి. వనపర్తి, నిర్మల్, ములుగు రెప్పపాటులో అయిపోయాయి. హైదరాబాద్ ఉంది చూశారూ, అదంతా పోయి ఒకే టాస్కు నెత్తిన పడింది. 199/200 అని చూపిస్తూ ప్రోగ్రెస్ గీత అక్కడే కూర్చుంది. ఒక టాస్కుకి దొరికేది మామూలుగా ఒక సీపీయూ కోరు. ఎన్ని మెషీన్లు తెచ్చి పక్కన నిలబెట్టినా అవి చోద్యం చూస్తూ అద్దె తింటాయంతే. "మెమరీ పెంచు అన్నా" అన్నాడు జ్ఞాని. పెంచారు. హైదరాబాద్ జనాభా తగ్గలేదు.

తమరి 3.2 వెర్షన్ నుంచి, పని నడుస్తుండగానే ప్లాన్ మార్చుకునే అడాప్టివ్ ఎగ్జిక్యూషన్ మొదటినుంచే ఆన్‌లో ఉంటుందని, స్క్యూ సంగతి అది చూసుకుంటుందని మీ భక్తులు వాదిస్తారు. జాయిన్ అయితే చూసుకుంటుంది: పార్టిషన్ 256 ఎంబీ దాటి, మధ్యస్థం కంటే ఐదు రెట్లు పెద్దదైతే ముక్కలు చేస్తుంది. విండో ఫంక్షన్‌ని మాత్రం అలా ముక్కలు చెయ్యదు. ఇది తెలుసుకోకుండా ఆన్‌లోనే ఉంది కదా అని నిద్రపోయేవాళ్ళని చూస్తే నాకు అసూయ. ఆ పట్టికలో ఊరి పేరు ఖాళీగా వదిలేసినవాళ్ళందరినీ మీరు ఒకే ఊరిగా లెక్కేశారు. ఆ పేరులేని ఊరు హైదరాబాద్ తర్వాత రెండో పెద్ద నగరమై కూర్చుంది.

ఎగ్జిక్యూటర్లకి పని పంచే డ్రైవర్ ప్రాసెస్ గురించి ఎక్కువ రాయను. డ్రైవర్‌కి మీరిచ్చేది ఒక జీబీ. కొత్తగా చేరినవాళ్ళు కలెక్ట్ అనో, టూ పాండాస్ అనో పట్టిక మొత్తాన్ని ఆయన నెత్తికెత్తుతారు. ఆయన పోయాక క్లస్టర్, అంటే మెషీన్ల గుంపు, చిన్నదని రిపోర్టు రాస్తారు.

నిష్ఠూరాలాడినా ఒక మాట ఒప్పుకోవాలి. మీరు అబద్ధం చెప్పరు. మీ వెబ్ యూఐలోని స్టేజీ పేజీలో సమ్మరీ మెట్రిక్స్ అని ఒక పట్టిక పెట్టారు. టాస్కుల సమయంలో మధ్యస్థం ఎంతో, గరిష్ఠం ఎంతో ఒకే వరసలో ఉంటాయి. మధ్యస్థం రెండు సెకన్లు, గరిష్ఠం గంటన్నర అని కనబడితే రోగం స్క్యూ అని చెప్పడానికి ఆర్కిటెక్టు అక్కర్లేదు. నిజాన్ని మూడు క్లిక్కుల లోపల దాచి, ఎర్రక్షరాలతో కేకలు మాత్రం గుమ్మంలో పెట్టడం ఏం మర్యాదండీ?

కాబట్టి కోరేది ఇదే. తదుపరి వెర్షన్‌లోనైనా కాజ్డ్ బై అన్న లైనుని పైకి తెండి. ఫెచ్ ఫెయిల్డ్ అని అరిచేముందు, అవతలివాడు ఎలా పోయాడో ఒక్క వాక్యంలో చెప్పండి. మెమరీ పెంచినప్పుడల్లా దాని నెల ఖర్చెంతో రూపాయల్లో చూపించే ఏర్పాటు ఉంటే మా జ్ఞానికి చాలా మేలు.

ఇట్లు,
తమ ఆజ్ఞాబద్ధుడు.

తా.క.: జవాబు మీ వెబ్ యూఐ ఉండే 4040 పోర్టులో పెట్టి ఊరుకోకండి. జాబ్ పోగానే ఆ పేజీ కూడా పోతుంది. అయిపోయిన జాబ్‌లని చూపించే హిస్టరీ సర్వర్‌లో చూసుకుందామంటే ఈవెంట్ లాగ్ ఆన్‌లో ఉండాలి, అదీ మీరు ఆఫ్‌లోనే పంపించారు.